అతనికి ఏ రోజు తెలిసిందంటే

ఎక్స్‌రే గదిలో ముప్పై మూడేళ్లు నిలబడి పనిచేస్తే మోకాళ్లు అరుగుతాయి, ఓపిక కూడా అరుగుతుంది. రిటైరై వికారాబాద్‌లో చిన్న ఇల్లు కట్టుకుని మూడేళ్లయింది. పొద్దున చాయ్, పేపరు, మధ్యాహ్నం కాస్త కునుకు. ఇంతకుమించి నాకేమీ వద్దు అనుకుని కూర్చున్నవాణ్ని మీరే, అంటే మన టెక్నీషియన్ల వాట్సప్ గ్రూపులోని కొత్తవాళ్లే, మళ్లీ గుంజారు. "సార్, మీరు అప్పట్ల తాండూరుల ఉన్నరు గద. గా సింగర్‌కు తన బీమారి ఎప్పుడు ఎరుకైందో మీకు తెలిసే ఉంటది, జర చెప్పుండ్రి" అని ఒకరి తర్వాత ఒకరు మెసేజ్‌లు పెట్టారు. వారం రోజులు చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

అతను పోయి నాలుగేళ్లు దాటినా అభిమానులు మాత్రం వదల్లేదు. అతని పాటల వీడియోల కింద కామెంట్లు చదివాను. చదవకుండా ఉండాల్సింది. ఒకాయన కోట్‌పల్లి ప్రాజెక్టు కట్ట మీద తీసిన పాటలో రెండో చరణం అయ్యాక అతను ఛాతీ మీద చెయ్యి పెట్టుకున్నాడని, కాబట్టి అప్పటికే తెలుసని తేల్చేశాడు. ఇంకొకాయన, కాదు, అంతకు ఏడాది ముందే తెలుసు, లేకపోతే వెలుగు ఆరిపోతోందని పాటలో ఎందుకు రాస్తాడంటాడు. ఆ పాట ఊళ్లో కరెంటు కోతల మీద రాసిందయ్యా అని వాళ్ల బృందంలో డ్రమ్ములు వాయించినతను చెప్పినా నమ్మేవాడు లేడు. మూడో ఆయన నిమిషాలు, సెకన్లు వేసి మరీ దగ్గులు లెక్కపెట్టాడు. మనం ఎక్స్‌రే ఫిల్మ్ చూసేదానికంటే శ్రద్ధగా వీళ్లు వీడియో చూస్తున్నారు.

ఇంతవరకు నాకు బాధ లేదు. అభిమానం ఉన్నచోట ఇలాంటి లెక్కలు ఉంటాయి. కానీ అతని చుట్టాల్లో ఎవరో నోరు జారినట్టున్నారు, కొన్నాళ్లుగా కొత్త మాట మొదలైంది. అతనికి చాలా ఆలస్యంగా తెలిసిందట. అతని అక్కకు ముందే తెలిసినా నెలన్నర దాచిందట. ప్రోగ్రాములు ఆగిపోతాయని దాచిందట. తెలిసి ఉంటే ఆ రోజే హైదరాబాద్ పోయి బతికేవాడట. ఆ మాటకు ఎంతమంది తలలూపారో నేను లెక్కపెట్టలేదు.

అతనికి ఎప్పుడు తెలిసిందో నాకు తెలుసు. రోజు తెలుసు, పూట తెలుసు, అప్పుడతను ఎక్కడ నిలబడి ఉన్నాడో తెలుసు. ఇన్నాళ్లూ చెప్పకపోవడం వృత్తి ధర్మమని మీ ముందు గొప్పలు పోవచ్చు గానీ అది సగమే నిజం. మిగతా సగం సిగ్గు. ఇప్పుడు చెప్పమని, చెప్పే హక్కున్న మనిషే చెప్పింది కాబట్టి చెబుతున్నాను. పేర్లు అడగకండి. దవాఖాన పేరూ చెప్పను, అది సర్కారుదా ప్రైవేటుదా అన్నదీ మీకు అనవసరం.

ముందు మా పని పద్ధతి ఒకటి చెప్పాలి, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. నాకు పని నేర్పిన పెద్దాయన కర్ణాటక సరిహద్దు అవతలివాడు. కోపం వస్తే కన్నడం, ముద్దు వస్తే ఉర్దూ, పని చెప్పాలంటే తెలుగు. "ఫిల్మ్ జూసి మొకం మార్చినోడు గీ గదిల పనికి రాడు" అనేవాడు. ఛాతీ ఫిల్మ్‌లో ఏదైనా అనుమానం కనిపిస్తే డాక్టర్లు పక్కనుంచి ఇంకొకటి అడుగుతారు. పెద్దేముల్ నుంచో యాలాల్ నుంచో షేర్ ఆటోలో వేలాడుతూ వచ్చిన మనిషిని డాక్టర్ దగ్గరికి పంపి, మళ్లీ చీటీ రాయించి, మళ్లీ వరుసలో నిలబెట్టడం ఎందుకని ఆ రెండోది మేమే తీసేసేవాళ్లం. డాక్టర్లకు అది తెలుసు, వాళ్లకూ అదే కావాలి.

మరి రెండోది ఎందుకని రోగి అడిగితే? పెద్దాయన నేర్పిన జవాబు ఒకటే. "ఊపిరి సరిగ పట్టలేదు, ఇంకోటి తీస్త." తప్పు రోగి మీదికి తోసేస్తే అతను భయపడడు, సిగ్గుపడతాడు. సిగ్గుపడ్డవాడు ఇంకేమీ అడగడు. ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో. ఊళ్లో పదిమందికి తీర్పు చెప్పే పెద్ద రైతులు కూడా "గలత్ అయింది సారూ, గీసారి మంచిగ పడ్త" అని నాకు క్షమాపణ చెప్పుకున్నారు. ఒక్కరూ అనుమానపడలేదు.

అతను వచ్చింది ఒక గురువారం, మన బేస్తారం, పదకొండు దాటాక. మా గదిలో పనిచేసే ఆయా చీటీ తెచ్చి, "సార్, గాయిన ఎవరో ఎరుకేనా?" అంది. నాకు తెలియదు. నేను పాత పాటల మనిషిని. బయట వరండాలో నర్సులు, మందుల షాపువాళ్లు అతని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. యాలాల్ దగ్గరి పల్లె, గొర్రెలు కాసుకునే కుటుంబం అని ఆయానే చెప్పింది. అమ్మానాన్నా చిన్నప్పుడే పోతే అక్క తాండూరులో బట్టలు కుట్టి పెంచిందట. గిటారు, డ్రమ్ములు పెట్టుకుని మన యాసలోనే గొంతు చించుకుని పాడతాడట, దాన్ని రాక్ అంటారట. మూడు నెలలుగా దగ్గు. కొన్నేళ్లు నాపరాళ్ల పాలిష్ యూనిట్‌లో పనిచేశాడు కాబట్టి దుమ్ము దగ్గని అందరూ అనుకున్నారు.

లోపలికి వచ్చి మెడలో గొలుసులు తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగు ఉన్నాయి. "గిన్ని ఏసుకుంటె మెడ నొయ్యదా?" అన్నాను. "నొస్తది సార్. ఫ్యాన్స్ కోసం" అని నవ్వాడు. నేనూ నవ్వాను, మనిషి నచ్చాడు.

గడ్డం ఆనించే చోటు చూపించాను. "గదవ గీడ ఆనియ్యి. చేతులు నడుం మీద. భుజాలు ముందుకు. గాలి పీల్చు. పట్టు."

బటన్ నొక్కాను. తెర మీద బొమ్మ వచ్చింది. ఊపిరి బాగా పడితే పక్కటెముకలు పది దాకా లెక్కపెట్టొచ్చని మీకు తెలుసు. అతనికి పదకొండోది కూడా కనిపించింది. అంత నిండైన ఊపిరి, అంత కదలని ఫిల్మ్ నా సర్వీసులో చూడలేదు. కుడివైపు పైన నిమ్మకాయంత మచ్చ ఉంది, అంచులు చెదిరి ఉన్నాయి. టీబీ మచ్చలు ఆ ప్రాంతంలో నేను చూసినన్ని మీరు చూసి ఉండరు. అది టీబీలా లేదు.

నేను అడ్డగోడ వెనక నుంచి బయటికి వచ్చి ఎప్పటిలాగే అన్నాను. "ఊపిరి సరిగ పట్టలేదు. పక్కకు తిరుగు, ఇంకోటి తీస్త."

అతను తిరగలేదు. నా వైపు చూశాడు.

"నేనా సార్?"

"ఆ. జర కదిలినవ్."

"కదల్లే సార్. ఊపిరి పట్టుడే నా బతుకు. ఒక్క ఊపిరి మీద నాలుగు లైన్లు పాడుత. మీరు వదులుమన్నంక గూడ నేను జరసేపు వదల్లే."

పెద్దాయన నాకు ఒక అబద్ధమే నేర్పాడు. అది పనిచేయకపోతే చెప్పడానికి రెండోది నా దగ్గర లేదు. ముఖం మాత్రం మారలేదు, అది మారకుండా పెట్టడం నాకు బాగా అలవాటు.

"మంచిగ లేదా సార్?" అన్నాడు, నెమ్మదిగా.

"డాక్టర్ సాబ్ చెప్తడు. నేను చెప్పెటోన్ని గాదు."

"ఇందాక గొలుసుల ముచ్చట జేసి నవ్విండ్రు. ఇప్పుడు నవ్వుతలేరు" అన్నాడు. తర్వాత తనంతట తనే పక్కకు తిరిగి చేతులు పైకెత్తి, "గిట్లనేనా?" అని అడిగాడు.

అభిమానులు వెతుకుతున్న ఘడియ అదే. కోట్‌పల్లి కట్ట మీద కాదు, కరెంటు కోతల పాటలో కాదు. నా గదిలో, నా చేతకాని అబద్ధం వల్ల తెలిసింది.

షర్టు గుండీలు పెట్టుకుంటూ అతను నన్ను ఒక మాట అడిగాడు. "నాకు సమజైనట్టు మా అక్కకు తెల్వనియ్యకుండ్రి సార్. అమ్మా నాయినా పోయినప్పటి సంది ఆమె గుండె గట్టిగ లేదు. ఆమె ముంగట నేను నవ్వుకుంట ఉండాలె." సరే అన్నాను.

మన దగ్గర ఇలాంటి మాట రోగికి చెప్పరు, వెంట వచ్చిన పెద్దవాళ్లకు చెబుతారు. డాక్టర్ రెండు ఫిల్ములూ చూసి, అతణ్ని చాయ్ తాగి రమ్మని పంపి అక్కను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. అరగంట తర్వాత ఆమె కవరు పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. కళ్లు తుడుచుకుని వచ్చినట్టు తెలుస్తోంది.

"సారూ, వానికి టీబీ మచ్చ అని చెప్తున్న. మీరు గూడ గదే చెప్పుండ్రి. పెద్ద బీమారి అని తెలిస్తె పాట బంద్ జేస్తడు. పాట బందైతె వాడు బతకడు."

"సరేనమ్మా, ఫికర్ చెయ్యకు" అన్నాను.

ఒకే పూట ఇద్దరికి మాట ఇచ్చాను. ఆ రోజు నాకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది. ఇద్దరూ నన్ను నమ్మారు కదా అని.

డాక్టర్ రాసిచ్చిన చీటీలో వారం లోపల హైదరాబాద్ పోయి స్కానింగ్, ముక్క తీసి పరీక్ష చేయించాలని ఉంది. వారంలో వాళ్లు పోలేదు. రెండు వారాల తర్వాత ఆమె దగ్గుమందు కోసం వచ్చి నాకు కనిపించింది. "పోదాం తియ్యి అక్కా, గీ రెండు ప్రోగ్రాములు కానియ్యి అంటుండు సారూ. టీబీకి గంత తొందరేంది అంటుండు. గట్టిగ గుంజితె వానికి అనుమానమొస్తది. ఎట్ల జెయ్యాల్నో సమజైతలేదు" అంది. నేను నెమ్మదిగా నచ్చజెప్పమన్నాను.

అదే వారం తాండూరులో అతని ప్రోగ్రాం ఉంటే వెళ్లాను. రాక్ అంటే ఏమిటో చూద్దామని కాదు, అతణ్ని చూద్దామని. నా చెవులు అదిరిపోయాయి గానీ, కుర్రవాళ్లు అతనితో కలిసి పాడుతుంటే నాకు కూడా బాగానే అనిపించింది. అయిపోయాక స్టేజీ వెనక కలిశాను. చెమటతో తడిసి, మెట్టు మీద కూర్చుని దగ్గుతున్నాడు. హైదరాబాద్ ఎప్పుడు పోతున్నావని అడిగాను.

"అక్క జిద్దు చేస్తలేదు సార్. ఆమె జిద్దు చెయ్యకుండ నేనే ఉరికితె, వీనికి తెల్సినట్టుంది అనుకుంటది. ఆమె గట్టిగ అనేదాంక చూస్త."

ఆమె ఇతనికి అనుమానం రాకూడదని గట్టిగా అనడం లేదు. ఇతను ఆమె గట్టిగా అంటే గానీ కదలడు. ఈ రెండు మాటలూ ఒకే వారంలో విన్నది లోకంలో నేనొక్కణ్నే. వినీ ఏం చేశాను? "జల్ది పో బేటా" అని భుజం తట్టి, ఇంటికి పోయి అన్నం తిని పడుకున్నాను. ఇద్దరికీ ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నానని నాకు నేను చెప్పుకున్నాను. మా గది బయట ఒక బెంచీ ఉండేది. ఇద్దర్నీ పిలిచి దాని మీద కూర్చోబెట్టి, మీ ఇద్దరికీ తెలుసు, రేపు పొద్దున బండెక్కండి అంటే అయిదు నిమిషాల పని. ఎవరో ఒకరు నన్ను తిట్టేవారు, అంతే. ఆ తిట్టు తప్పించుకోవడానికి నేను ఊరుకున్నాను. అది మంచితనం కాదు, పిరికితనం.

నెలన్నర తర్వాత దగ్గులో రక్తం పడింది. అప్పుడు ఇద్దరికీ సాకు దొరికింది, హైదరాబాద్ పోయారు. అక్కడి డాక్టర్లు రోగికే నేరుగా చెప్పేశారు. అతను మొదటిసారి విన్నట్టే విన్నాడట. "నాకు ముందుగాల ఎందుకు చెప్పలే అక్కా" అని కూడా అడగలేదట, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడట. ఆ తర్వాత పది నెలలు బతికాడు.

ఆ నెలన్నర ముందే పోయి ఉంటే ఏమయ్యేదని ఒకసారి మా డాక్టర్‌ను అడిగాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "చెప్పలేం. తేడా ఉండేది కాదేమో. ఉండేదేమో కూడా" అన్నాడు. మొదటి ముక్క పట్టుకుని బతకాలని చాలా ప్రయత్నించాను. రెండోదే గుర్తొస్తుంది.

మొన్న ఒక మధ్యాహ్నం మా గేటు దగ్గర ఒక ఆమె నిలబడి ఉంది. చిక్కిపోయింది, అతని అక్కే అని నేను వెంటనే గుర్తుపట్టలేదు. తాండూరు నుంచి రైల్లో వచ్చిందట, మా ఆయాను అడిగి అడ్రసు పట్టుకుందట. కూర్చోమంటే కూర్చుంది, మంచినీళ్లు ఇస్తే తాగింది. ఫోన్ తీసి ఒక కామెంటు చూపించింది. తెలిసి ఉంటే బతికేవాడు అన్నదే అది.

"గిది నిజమా సారూ? నేను దాచిన నెలన్నరనే వాన్ని సంపిందా?"

డాక్టర్ చెప్పిన రెండు ముక్కల్లో మొదటిది మాత్రం చెప్పి పంపేయవచ్చు. నా నోటి దాకా వచ్చింది. అలసట ఒక్కోసారి మంచి చేస్తుంది. ఇంకో అబద్ధాన్ని మోసే ఓపిక లేక, నిజం చెప్పేశాను.

"నువ్వు దాచింది వానికి తెల్వనిది గాదమ్మా. నీ కంటె అరగంట ముందుగాల్నే వానికి తెల్సు" అని మొదలుపెట్టి, ఊపిరి సంగతి, అతను అడిగిన మాట, స్టేజీ వెనక అన్న మాట అన్నీ చెప్పాను. దాచింది ఒక్కరు కాదు, ముగ్గురం అని చెప్పాను.

ఆమె ఫోన్ ఆపి సంచిలో పెట్టుకుంది. తర్వాత నా వైపు చూసి, గొంతు పెంచకుండానే అంది.

"మీకు ఇద్దరి సంగతి ఎరుకే గద సారూ. ఒక్క మాట అంటె మీది ఏం పోతుండె?"

ముప్పై మూడేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. తప్పయిందని చెప్పాను. ఆమె సరే అనలేదు, పర్వాలేదనీ అనలేదు. అలా అననందుకు నేను ఆమెను తప్పుపట్టను.

మీరందరూ అడుగుతున్నారని చెప్పి, రాయనా అని అడిగితే కొంచెం ఆలోచించింది. "రాయుండ్రి. వానికి తెల్సని రాయుండ్రి. మీరు ఊకున్నరని గూడ రాయుండ్రి" అంది. అందుకే రెండూ రాశాను. మీలో ఎవరికైనా ఇలాంటి ఇద్దరు ఎదురైతే ఏం చెయ్యాలో నేను మళ్లీ చెప్పనవసరం లేదు.

సాయంత్రం ఆమెను స్టేషన్‌కు దించడానికి వెళ్లాను. తాండూరు బండికి ఇంకా సమయం ఉంది. ప్లాట్‌ఫాం మీద కూర్చున్నాం. చాయ్ తెస్తానంటే వద్దంది. కాసేపటికి, నన్ను అడుగుతున్నట్టు కాకుండా అడిగింది.

"గా బేస్తారం నుంచేనా వానికి తెల్సు?"

"గా బేస్తారం నుంచే."

"అయితె గా నెలన్నర అంత..." అని ఆగిపోయింది. మళ్లీ అందుకుంది. "మాది ఒక్కటే అర్ర ఇల్లు సారూ, ఎన్క బాత్రూం. నేను దినాం బాత్రూంలకు పోయి నల్లా ఇప్పి ఏడ్సెటిదాన్ని, వానికి ఇనపడొద్దని. నేను నల్లా ఇప్పంగనే వాడు గిటార్ అందుకునెటోడు. మస్తు సప్పుడు జేసెటోడు. పక్కింటోళ్లు లొల్లికొచ్చిండ్రు. నేను గూడ తిట్టిన, గంత గట్టిగ ఎందుకురా అని. ప్రాక్టీస్ అక్కా అనెటోడు."

తాండూరు బండి వస్తోందని మైకులో చెప్పారు.

"నేను ఏడ్సుడు వానికి ఇనపడేది గదా సారూ. నేను మంచిగ ఏడ్వాల్నని వాయించిండు."

బండి వచ్చి ఆగింది. ఎక్కేవాళ్లు ఎక్కారు, దిగేవాళ్లు దిగారు. ఆమె లేవలేదు. బండి వెళ్లిపోయింది. అప్పుడు ఆమె, కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, అందరూ చూస్తుండగా గట్టిగా ఏడ్చింది. తర్వాతి బండి వచ్చేదాకా నేను పక్కనే కూర్చున్నాను.